నాన్నకి పెట్టి తెచ్చిన మిఠాయి

"నేను చెప్పాల్సింది చెప్పేశా మమ్మీ. ఇవాళ నత్సుమి వాళ్ళమ్మ ఏం తెచ్చినా డాడీ తీసుకోవాలి. అందరి ముందూ తినాలి. తినకపోతే నేను ఈ ఇంటికి రావడం ఇదే లాస్ట్."

సైలస్ బూట్లు కూడా విప్పలేదు. గుమ్మం లోపలి పట్టా మీదే నిలబడి మాట్లాడుతున్నాడు. వారం తర్వాత మొహం చూపించిన కొడుకు కోసం జ్ఞానమణి కలిపిన టీ బల్ల మీద చల్లారిపోతోంది.

"ఏం మాటలురా అయ్యి? వచ్చే నెల చర్చిలో పెళ్ళి పెట్టుకుని..."

"చర్చి క్యాన్సిల్ చేస్తాం. రిజిస్ట్రార్ ముందు సంతకాలు పెట్టుకుంటాం. నత్సుమికి ఎక్కడైనా ఓకే. మీరిద్దరూ ముందు వరసలో కూర్చోవాలని నేనే ఆశపడ్డా."

జ్ఞానమణి బల్ల అంచు పట్టుకుంది.

హాల్లో భర్త అబ్రహాం కళ్ళజోడు పెట్టుకుని బైబిలు వాక్యం చదువుతున్నారు. చదువుతున్నారని చెప్పుకోవాలి గానీ, కొడుకు వచ్చిన దగ్గర్నుంచి పేజీ తిరిగింది లేదు. ప్రతి మాటా ఆయన చెవిన పడుతోంది. పడుతోందని కొడుక్కీ తెలుసు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క వంటగది గోడ. అయినా అటు మాట ఇటు రావాలన్నా, ఇటు మాట అటు పోవాలన్నా జ్ఞానమణి మోయాలి. వృద్ధుల రెస్ట్ హోమ్‌లో నర్సు ఉద్యోగం కాక, ఇంట్లో ఆవిడది పోస్టాఫీసు ఉద్యోగం.

"వాళ్ళమ్మకి తెలుసా?" గొంతు తగ్గించి అడిగింది.

"ఏది?"

"అదేరా... మొన్నటిది."

"తెలుసు. నత్సుమి చెప్పింది." సైలస్ తల వంచుకున్నాడు. "తను నన్ను ఒక్క మాట అనలేదు మమ్మీ. ఏడవలేదు, అరవలేదు. డిన్నర్ వండింది, గిన్నెలు కడిగింది. తిట్టినా బాగుండేది."

జ్ఞానమణి ఏదో అనబోయింది. అప్పటికే అతను తలుపు లాగేశాడు. మధ్యాహ్నం భోజనానికి నత్సుమిని, నిన్ననే జపాన్ నుంచి దిగిన ఆమె తల్లిని తీసుకొస్తాడు. అది మాత్రం మారలేదు.

మొన్నటిది అంటే ఎంతో కాదు, ఒక మిఠాయి పెట్టె.

నత్సుమి తన తండ్రి వర్ధంతికి క్యోటో వెళ్ళి, వస్తూ వస్తూ తెచ్చింది. యత్సుహాషి అంటారట. మనవాళ్ళు కాకినాడ వెళ్ళి కాజాలు లేకుండా తిరిగొస్తే ఇంట్లో ఏమంటారో, క్యోటో వెళ్ళి అది లేకుండా వస్తే వాళ్ళూ అదే అంటారట. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, దాల్చినచెక్క పొడి కలిపి, పలుచగా ఒత్తి, పలకలుగా కోసి, లోపల ఎర్ర గింజల పూర్ణం పెట్టి మూలకి మడుస్తారు. జ్ఞానమణి ఒకటి నోట్లో వేసుకుని, "అమ్మాయ్, ఇది మా పూర్ణమే గదా!" అని మురిసిపోయింది. అబ్రహాం కూడా సగం కొరికారు. బావుందన్నట్టు తలూపారు.

ఆ తలూపు చూసి ఆ పిల్ల పొంగిపోయి అసలు సంగతి చెప్పింది. పెట్టెని ముందు తన ఫ్లాట్‌లో నాన్న ఫోటో దగ్గర పెట్టిందట. అగరొత్తి వెలిగించిందట. సైలస్ అమ్మానాన్నలకి తీసుకెళ్తున్నానని ఆయనతో చెప్పిందట. "ముందు నాన్న తిన్నారు అంకుల్. అప్పుడు మీకు తెచ్చాను."

ఇంటికొచ్చిన మంచి వస్తువు ఏదైనా ముందు పోయినవాళ్ళకి చూపించి, తర్వాత తామందరూ తినడం వాళ్ళ పద్ధతి. అలా పెట్టి తెచ్చి ఇచ్చిందంటే, మిమ్మల్ని నా వాళ్ళనుకున్నాను అని చెప్పడమే. అంతకు మించి ఇవ్వడానికి ఆ పిల్ల దగ్గర ఏమీ లేదు.

అబ్రహాం మిగతా సగం ముక్క పళ్ళెంలో పెట్టేశారు. లేచి వెళ్ళి పుక్కిలించి ఉమ్మారు. కుళాయి చప్పుడు బల్ల దగ్గర కూర్చున్న అందరికీ వినపడింది.

విగ్రహాల ముందు పెట్టినది, పోయినవాళ్ళ ముందు పెట్టినది ఆయన ముట్టరు. బాపట్లలో బడిపంతులుగా ఉన్నప్పుడూ ముట్టలేదు, ఇక్కడ క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో రిక్కార్టన్ రోడ్డు మీదుగా సిటీ బస్సు నడుపుతూ తోటి డ్రైవర్లు గుడి ప్రసాదం పంచినప్పుడూ ముట్టలేదు. నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టేవారు. చర్చి సంఘంలో పెద్ద మనిషి ఆయన. ఆయన్ని చూసి నేర్చుకునేవాళ్ళు పదిమంది ఉన్నారు.

పిల్లలు వెళ్ళాక, "అది ఇంట్లో ఉండకూడదు మణీ" అన్నారు. జ్ఞానమణి ఎదురు చెప్పకుండా పారేసింది. పారేయడంలో కూడా పద్ధతి తప్పని మనిషి. మిఠాయిలు ఆకుపచ్చ బిన్‌లో, ప్లాస్టిక్ కాగితం ఎర్ర బిన్‌లో, బొమ్మలున్న అట్టపెట్టె పసుపుపచ్చ బిన్‌లో. చెత్త తీసుకెళ్ళే క్రైస్ట్‌చర్చ్ కౌన్సిల్‌వాళ్ళు వచ్చి చూసినా వంక పెట్టలేరు.

మర్నాడు పొద్దున, క్యోటో వెళ్ళకముందు తీసుకెళ్ళిన కూర గిన్నె ఇవ్వడానికి నత్సుమి వచ్చింది. రోడ్డు వార పెట్టిన పసుపుపచ్చ బిన్ మూత గాలికి వెల్లకిలా పడి ఉంది. పైనే అట్టపెట్టె. ఆ పిల్ల కాసేపు నిలబడి చూసింది. ఎగిరిపోకుండా మూత వేసింది. గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, బెల్ కొట్టకుండా వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఇదంతా చూస్తూ నిలబడ్డ జ్ఞానమణికి తలుపు తీయడానికి చెయ్యి రాలేదు.

గిన్నెలో కమలాపళ్ళు ఉన్నాయి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆ పిల్లకి ఎవరు చెప్పారో.

జ్ఞానమణి చల్లారిన టీ సింకులో పోసి హాల్లోకి వచ్చింది.

"విన్నారు గదా."

"నాకేం చెవుడు లేదు."

"ఏం చేద్దామంటారు?"

"వండు. వచ్చినోళ్ళకి కడుపునిండా పెట్టు. మర్యాదలో నేనేం తక్కువ చేయను."

"మర్యాద సంగతి గాదు నేనడిగేది. ఆవిడ పెట్టె తెస్తది. ఉత్త చేతుల్తో వచ్చే మనుషులు గాదు వాళ్ళు. అది మీ ముందు పెట్టినప్పుడు ఏం చేస్తారు?"

"మొన్న చేసిందే."

"ఒక్క ముక్కండీ. నోట్లో ఏసుకుని నీళ్ళు తాగండి. మన మనసు దేవునికి తెలవదా?"

"తెలుసు గనకే తినను. కొడుకు పోతాడని భయపడి తిన్నానని కూడా ఆయనకి తెలుస్తది."

జ్ఞానమణి సోఫా చివర కూర్చుంది. బయట గాలి మొదలైంది. కొండల మీదుగా వచ్చే వేడి గాలి. అది వీచిన రోజు ఊళ్ళో సగం మందికి తలనొప్పి, మిగతా సగం మందికి కోపం.

"మరి మీ అమ్మ జ్ఞాపకార్థ కూటం సంగతేంది?" అంది కాసేపాగి. "ఫోటోకి దండేశాం. ముందు కొవ్వొత్తి పెట్టాం. ఆమెకి ఇష్టమని రొయ్యల కూర వండించి అందరికీ పెట్టాం. అది మాత్రం ఏంది?"

"ఫోటో ముందు పళ్ళెం పెట్టలేదు మనం."

"బల్ల మీద పెట్టలేదు. మనసులో పెట్టుకున్నారు. అన్నం కలుపుకుంటా, మా అమ్మ ఉంటే ఇంకొంచెం ఏసుకునేది అని ఏడ్చారు. నేను పక్కనే ఉన్నా."

అబ్రహాం కళ్ళజోడు తీసేశారు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"మా అమ్మని గుడి బయట నిలబెట్టేవాళ్ళు మణీ. పండగనాడు ఊరంతా తినేదాకా ఎండలో నిలబడాలి. నన్ను చంకన ఏసుకుని నిలబడేది. అందరిదీ అయినాక ఎవడో పనోడు వచ్చి, చెయ్యి తగలకుండా పైనుంచి కొంగులో పడేసేవాడు. కిందపడ్డ మెతుకులు ఏరి ఊది నాకు పెట్టేది. ఆ రుచి నాకు ఇప్పటికీ తెలుసు. తియ్యగానే ఉండేది."

జ్ఞానమణి ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ సంగతి ముక్కలు ముక్కలుగా విన్నదే. మెతుకుల మాట మాత్రం ఇదే వినడం.

"మా నాయన బాప్తిస్మం తీసుకున్నరోజు, ఇకనుంచి ఎవరి ముందూ నిలబడబాకరా అన్నాడు. పెద్దయ్యాక అదే ఊళ్ళో, అదే మనుషులు, పంతులుగారూ రండి అని పిలిచి దోసిట్లో పెట్టబోయారు. నేను వద్దన్నా. ఆ రోజు ఎంత ఎత్తుగా నడిచానో ఇంటికి! నా దేవుడు నాకిచ్చిన మొదటి సంగతి అది, వద్దనడం. ఇప్పుడు అది నా కొడుకు లాక్కుంటానంటున్నాడు."

భర్త మీద జాలేసింది ఆవిడకి. తండ్రి తన తల్లి చంకలోంచి చూసిన ఎండ కొడుక్కి తెలియదు. నాలుగో క్లాసులో ఈ దేశం వచ్చిన పిల్లాడు, వాడికి వీళ్ళు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండా పెంచడమే మంచి పెంపకమనుకున్నారు ఇద్దరూ. తప్పు చేశామేమో అని మొదటిసారి అనిపించింది.

అయినా లేస్తూ ఒక మాట అంది.

"ఆ పిల్ల పైనుంచి పడేయలేదండీ. తల వంచి రెండు చేతుల్తో మీకిచ్చింది. మీరే పుక్కిలించి ఉమ్మారు. నేనే పారేశా."

అబ్రహాం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

కోడికూర పొయ్యి మీద ఉండగా ఫోన్ మోగింది. సంఘంలో స్త్రీల కూటం నడిపే ప్రభావతి.

"మణక్కా, వందనాలు. జపానోళ్ళు వస్తున్నారంటగా ఇవాళ? పాస్టర్‌గారిని గూడా పిలవకపోయావా, ఆ పెట్టె మీద ఒక ప్రార్థన చేసి పోదురు."

పెట్టె సంగతి అప్పుడే అక్కడిదాకా పాకింది. జ్ఞానమణికి ఒళ్ళు మండింది.

"అన్నం తక్కువ వండానమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

వాళ్ళు వచ్చేసరికి గాలి జోరుగా ఉంది. నత్సుమి తల్లి కియోకో పొట్టి మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గుమ్మంలో చెప్పులు విడిచి, వంగి, వాటిని బయటి వైపుకి తిప్పి సర్దింది. పక్కన అడ్డదిడ్డంగా పడేసిన సైలస్ బూట్లు కూడా సర్దింది. కాబోయే అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

"రండి వదినగారూ" అంది జ్ఞానమణి. ఆవిడకి తెలుగు రాదని తెలిసినా, కాబోయే కోడలి తల్లిని మరోలా పిలవడం నోటికి రాలేదు.

అబ్రహాం తెల్ల చొక్కా వేసుకున్నారు. "వందనాలు" అని చేతులు జోడించారు. కియోకో నడుము దాకా వంగింది. ఏం చేయాలో తోచక ఆయనా వంగారు. ఆవిడ లేచాక కూడా ఒక క్షణం వంగే ఉన్నారు.

నత్సుమి "ఆంటీ" అని పలకరించింది. అంతే. ఎప్పుడూ వంటగదిలోకి వచ్చి మూతలు తీసి వాసన చూసే పిల్ల, ఇవాళ చుట్టంలా కుర్చీ చివర కూర్చుంది. దాన్ని అలా చూడలేకపోయింది జ్ఞానమణి. నీళ్ళ గ్లాసులు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

కియోకో తన ఒళ్ళో ఉన్న నీలం బట్ట మూట విప్పింది. అందరికీ తెలిసిన అట్టపెట్టె. బొమ్మ అబ్రహాం వైపు ఉండేలా తిప్పి, రెండు చేతులతో ఆయన ముందుకి జరిపింది. సైలస్ పెట్టె వంక చూడలేదు. తండ్రి మొహం వంకే చూస్తున్నాడు.

ఆవిడ చిన్న గొంతుతో ఏదో చెప్పింది. నత్సుమి ఇంగ్లీషులోకి మార్చింది.

"ఇది స్టేషన్ దగ్గర కొట్లో కొని, సరాసరి సూట్‌కేసులో పెట్టానంటోంది అమ్మ. మా ఇంట్లో తీయలేదట. నా ఫ్లాట్‌లో కూడా తీయలేదు. నాన్న ముందు పెట్టలేదు. మీరు నిశ్చింతగా తినండి అంకుల్."

ఆవిడ ఇంకో మాట అంది. నత్సుమి దాన్ని మార్చి చెప్పలేదు.

"ఏమంటున్నారమ్మా?" జ్ఞానమణి అడిగింది.

"ఏం లేదు ఆంటీ."

"చెప్పు" అన్నాడు సైలస్.

"బయల్దేరే ముందు నాన్నకి చెప్పుకుందట. ఈ ఒక్కసారికి మీకు పెట్టకుండా తీసుకెళ్తున్నాను, ఏమీ అనుకోవద్దు అని."

జ్ఞానమణికి సిగ్గేసింది. అంతకంటే పెద్ద మాట లేదు దానికి. బిన్‌లో మూడు రంగులుగా విడదీసి పారేసిన తన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

సైలస్ మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. మొహంలో వారం రోజుల బిగువు ఒక్కసారిగా సడలింది. "చూశారా డాడీ? ఇంక మీకే ప్రాబ్లమ్ లేదు. ఆంటీయే అన్నీ ఆలోచించారు." గబగబా పెట్టె మూత తీశాడు. దాల్చినచెక్క వాసన కూర వాసనని దాటి లేచింది. ఒక ముక్క పళ్ళెంలో పెట్టి తండ్రి ముందుకి తోశాడు.

ఎవరి మాట పోలేదు. తండ్రి పట్టుదల నిలిచింది, కొడుకు పంతం నెగ్గింది. చర్చిలో పెళ్ళి జరుగుతుంది. ఆయన ఇక తినడమే తరువాయి.

అబ్రహాం చెయ్యి కదల్లేదు.

"మీవారు పోయి ఎన్నాళ్ళయింది?" తన బస్సు ఇంగ్లీషులో, ఆవిడనే నేరుగా అడిగారు.

కియోకో వేళ్ళు చూపించింది. ఆరేళ్ళు.

"ప్రతిసారీ ముందు ఆయనకేనా?"

నత్సుమి అడిగి చెప్పింది. "ప్రతిసారీ."

"ఇంతకుముందు ఎప్పుడైనా మానేశారా?"

కియోకో కూతురు అడిగేదాకా ఆగలేదు. తల అడ్డంగా ఊపి, నవ్వింది. ఆ నవ్వు చూడలేక జ్ఞానమణి పళ్ళెం వంక చూసింది.

"డాడీ, ప్లీజ్. తినండి. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు సైలస్.

"ఆయన ఫోటో జపాన్‌లోనే ఉంచి వచ్చారా?" అబ్రహాం కియోకోనే అడిగారు.

నత్సుమి తల్లి వంక చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు కాస్త తటపటాయించింది. "అమ్మ ఎక్కడికెళ్ళినా చిన్న ఫోటో ఒకటి సంచిలో పెట్టుకుంటుంది అంకుల్. ఇప్పుడు కార్లో ఉంది. లోపలికి తెస్తే మీకు ఇబ్బందవుతుందని అమ్మే వద్దంది. బయటే ఉంచేశాం."

అబ్రహాం మొహంలో రంగు మారింది. ఆ బల్ల దగ్గర ఆ మాట ఎవరికి ఎక్కడ తగిలిందో తెలిసిన మనిషి జ్ఞానమణి ఒక్కతే. భర్త చెయ్యి పట్టుకుందామనుకుంది. అప్పటికే ఆయన కుర్చీ వెనక్కి జరిగింది.

"సైలస్, కారు తాళం ఇవ్వు."

"అంటే? వెళ్ళిపోతున్నారా?" అన్నాడు కొడుకు. "ఆంటీ ముందు? ఇంత చేసినా?"

"తాళం ఇవ్వు."

సైలస్ జేబులోంచి తీసి బల్ల మీద పడేశాడు. అబ్రహాం తీసుకుని చెప్పులు కూడా లేకుండా బయటికి నడిచారు. నత్సుమి రెండు చేతులతో మొహం కప్పుకుంది. వారం నుంచి రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. కియోకో పెట్టె మూత మళ్ళీ మూసి, నీలం బట్ట పక్కకి తీసుకుంది.

"ఉండండి వదినగారూ, ఉండండి" అంటూ జ్ఞానమణి ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. వేసిందే గానీ, ఎందుకు ఉండమంటున్నదో ఆవిడకే తెలియదు. కారు తలుపు పడిన చప్పుడు వినపడింది. ఇంజన్ చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించారు.

అది రాలేదు.

అడుగులు వచ్చాయి. తెరిచిన గుమ్మంలో అబ్రహాం కనిపించారు. చొక్కా గాలికి కొట్టుకుంటోంది. చిన్న గుడ్డసంచిని రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకున్నారు. గడప దాకా వచ్చి అక్కడ ఆగిపోయారు. ఆగి, లోపల ఉన్న అందరినీ ఒకసారి చూశారు. ఆయన కళ్ళలో అంత భయం జ్ఞానమణి ఎన్నడూ చూడలేదు. ఊరు వదిలి ఈ దేశంలో దిగిన రోజు కూడా చూడలేదు.

"మణీ" అన్నారు. "ఈయన్ని నేను బయట ఉంచలేను. లోపలికి ఎట్టా తేవాలో నాకు తెలవట్లా. ఎక్కడ కూర్చోబెట్టమంటావ్?"

సైలస్ లేచి నిలబడ్డాడు.

జ్ఞానమణి బల్ల చుట్టూ చూసింది. ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీ. అబ్రహాం లేచి వెళ్ళిన కుర్చీయే.